యెరూషలేము తవ్వకాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యెరూషలేము యాత్రకు పేర్లు ఇచ్చినవాళ్ళతో మా సంఘంలో ఏటా కొన్ని ఆదివారాలు కూర్చుంటాను. మనుషులు మారతారు గానీ సందేహాలు మారవు. వెళ్ళొచ్చాక ఫోన్ చేసి అడిగేవాళ్ళు కూడా అవే అడుగుతారు. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేస్తున్న మన తెలుగువాళ్ళు కొందరు సెలవు రోజున ఆ చోట్లు చూసి, ఫొటో పెట్టి "ఇది నిజంగా అదేనా అండీ?" అని మెసేజ్ చేస్తుంటారు. అందుకే ప్రశ్నలన్నీ వాళ్ళ మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

తవ్వకాల్లో బైబిల్ నిజమని తేలిందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్క ముక్కలో తేలే విషయం కాదు. తవ్వకంలో దొరికేవి గోడలు, కుండ పెంకులు, నాణేలు, ముద్రలు. హిజ్కియా అనే రాజు యూదాను ఏలాడని ముద్ర చెప్పగలదు. ఆ రాజు ప్రార్థనకు దేవుడు జవాబిచ్చాడా అన్నది ఏ పెంకూ చెప్పలేదు. క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి యెరూషలేము విషయంలో బైబిల్ చెప్పే రాజులు, శత్రువులు, ముట్టడులకు బయటి ఆధారాలు బాగానే ఉన్నాయి. దావీదు, సొలొమోనుల కాలమైన క్రీ.పూ. 10వ శతాబ్దానికి ఆధారాలు తక్కువ, గొడవ ఎక్కువ. అంతకుముందు కాలానికి ఇంకా తక్కువ. "అంతా రుజువైపోయింది" అనే వీడియోనూ, "ఏదీ దొరకలేదు" అనే వీడియోనూ ఒకే రకంగా పక్కన పెట్టండి.

యేసు నడిచిన వీధుల్లోనే మనమూ నడుస్తామా?

చాలా చోట్ల కాదు, ఆ వీధుల మీద ఎన్నో అడుగుల మట్టి, దాని మీద కట్టిన వీధుల్లో నడుస్తాం. ఈ పట్టణాన్ని క్రీ.పూ. 586లో బబులోను వాళ్ళు, క్రీ.శ. 70లో రోమన్లు కాల్చేశారు. క్రీ.శ. 135 తర్వాత హద్రియాను చక్రవర్తి దీన్ని ఏలియా కాపిటోలినా అనే రోమన్ పట్టణంగా మళ్ళీ కట్టించాడు. ఇప్పుడు మీకు కనిపించే కోటగోడ 16వ శతాబ్దంలో తుర్కీ సుల్తాను సులేమాను కట్టించింది. అయినా మొదటి శతాబ్దపు రాళ్ళ మీద కాలు పెట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. దేవాలయపు కొండ దక్షిణపు మెట్లు, పడమటి గోడ కింద బయటపడ్డ వీధి, సిలోయము నుంచి పైకి వెళ్ళే మెట్ల దారి. టైం తక్కువ ఉంటే ముందు వీటినే చూడమంటాను.

ఒక గోడ ఏ కాలందో ఎలా చెప్తారు? రాయి మీద తారీఖు ఉండదు కదా.

ఉండదు. రాయి వయసు కాదు, గోడ కింద, పక్కన ఉన్న మట్టి పొరలో దొరికినవాటి వయసు చూస్తారు. కుండల ఆకారం, అంచులు తరానికి తరానికి మారుతూ వస్తాయి కాబట్టి పెంకులే మొదటి గడియారం. నాణెం దొరికితే ఇంకా నయం. నాణెం ముద్రించిన ఏడాది కంటే దాని మీది గోడ పాతది కాలేదు. కాలిన గింజలు, బొగ్గు దొరికితే రేడియోకార్బన్ పరీక్ష చేస్తారు.

యెరూషలేముతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఇక్కడ కొత్తగా కట్టేవాళ్ళు పాతదాన్ని బండ వరకూ తవ్వేసి, ఆ రాళ్ళనే మళ్ళీ వాడుకున్నారు. పాత పొరలు చాలా చోట్ల మిగల్లేదు. రెండోది, క్రీ.పూ. 800 నుంచి 400 దాకా రేడియోకార్బన్ లెక్క ఒక పట్టాన తేలదు. ఆ కాలంలో గాలిలోని కార్బన్ ఎక్కువతక్కువల వల్ల వందల ఏళ్ళ తేడా ఉన్నవి కూడా ఒకే వయసులా కనిపిస్తాయి. 2024లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో దావీదు పట్టణం (బేత్లెహేము కాదు, యెరూషలేము పాత కోటగోడకు దక్షిణాన ఉన్న తవ్వకాల చోటు) నుంచి సుమారు 100 నమూనాలు తీసుకుని, చెట్ల వలయాలతో సరిచూసి, ఈ చిక్కును చాలావరకు విడదీశారు. అందులో తేలిన ఒక సంగతి: హిజ్కియాది అనుకున్న తూర్పు గోడ ఒకటి అంతకుముందే, ఉజ్జియా రాజు కాలానికి దగ్గర్లో కట్టి ఉండాలి.

గైడు ఒకటి చెప్తాడు, పుస్తకంలో ఇంకోటి ఉంటుంది. ఎవరిని నమ్మాలి?

నేను మా వాళ్ళకు చెప్పేది ఇది. ఏ చోటుకు వెళ్ళినా మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ ఏం దొరికింది? దాన్ని చూసి పండితులు ఏమనుకుంటున్నారు? ఈ చోటును భక్తులు ఎప్పటి నుంచి గౌరవిస్తున్నారు? ఈ మూడింటినీ కలిపేసి "ఇదే ఆ చోటు" అనడం వల్లే గందరగోళం. మొదటిసారి వెళ్ళినప్పుడు మమ్మల్ని తిప్పిన గైడు 19వ శతాబ్దపు గోడను చూపించి పిలాతు గోడ అన్నాడు. మా బృందంలో ఒక పెద్దావిడ ఆ గోడను పట్టుకుని ఏడ్చింది. ఆవిడ కన్నీళ్ళు నిజమైనవి. గోడ గురించి కూడా నిజమే చెప్పి ఉండాల్సింది.

## దావీదు పట్టణం దగ్గర

దావీదు అనే రాజు నిజంగా ఉన్నాడా?

ఉన్నాడని ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. దానికి కారణమైన రాయి యెరూషలేములో దొరకలేదు. 1993లో ఇజ్రాయెల్ ఉత్తర కొసన తేల్ దాన్‌లో, అవ్రహాం బిరాన్ తవ్వకాల్లో ఒక అరామిక్ శాసనం ముక్క బయటపడింది, మరుసటేడు ఇంకో ముక్కలు దొరికాయి. క్రీ.పూ. 9వ శతాబ్దంలో ఒక అరాము రాజు తన విజయాలు చెప్పుకుంటూ "బేత్ దావీద్", అంటే దావీదు వంశం, అనే మాట చెక్కించాడు. దావీదు తర్వాత వందేళ్ళు దాటాక శత్రువు కూడా యూదా రాజ్యాన్ని ఆ పేరుతోనే పిలిచాడన్నమాట.

మిగిలిన గొడవ దావీదు ఎంత పెద్ద రాజు అన్నదాని మీద. ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టైన్ అనే పురావస్తు శాస్త్రవేత్త వంటివారు అప్పటి యెరూషలేము కొండ మీది చిన్న ఊరనీ, గొప్ప రాజ్యం కథ తర్వాతి కాలంలో పెరిగిందనీ అంటారు. యోసెఫ్ గార్ఫింకెల్ వంటివారు యెరూషలేముకు నైరుతిగా ఉన్న ఖిర్బెత్ ఖెయాఫా కోటను చూపించి, ఆ కాలంలోనే యూదాలో కోటలు కట్టే ప్రభుత్వం ఉందంటారు. ఈ వాదన ముగియలేదు. రెండు పక్షాల్లోనూ తమ పని బాగా తెలిసినవాళ్ళున్నారు.

దావీదు కోట దొరికిందని పేపర్లో చదివాం. అది చూపిస్తారా?

గోడలు చూపిస్తారు. 2005లో ఐలాత్ మజార్ అనే ఇజ్రాయెలీ పురావస్తు శాస్త్రవేత్త దావీదు పట్టణం పై భాగంలో పెద్ద రాళ్ళ కట్టడం ఒకటి బయటపెట్టి, అది దావీదు రాజభవనం కావచ్చని ప్రకటించారు. దాని కింద కొండ వాలును పట్టి నిలిపే మెట్ల రాతికట్టు ఉంది, ఎత్తు సుమారు 18 మీటర్లు. ఈ రెండూ ఒకే కట్టడమని ఆమె వాదన. 2007లో నలుగురు ఇజ్రాయెలీ పురావస్తు శాస్త్రవేత్తలు కలిసి దీన్ని కాదన్నారు. గోడలన్నీ ఒకే కాలానివి కావనీ, కొన్ని దావీదుకు ఎన్నో శతాబ్దాల తర్వాతివనీ వాళ్ళ మాట. అక్కడ ఏదో పెద్ద కట్టడం ఉండేదన్నది నిజం. గోడల మీద దావీదు పేరు ఎక్కడా లేదు. బోర్డు మీద రాసి ఉన్నంత మాత్రాన తీర్పు వచ్చినట్టు కాదు.

దావీదు సేనాధిపతి యోవాబు నీటి కాలువలోంచి ఎక్కి పట్టణాన్ని పట్టుకున్నాడంటారు. ఆ కాలువ ఇదేనా?

1867లో చార్లెస్ వారెన్ అనే బ్రిటిష్ అధికారి గిహోను ఊట దగ్గర నిట్టనిలువు రాతి గొయ్యి కనుక్కున్నాడు. చాలాకాలం అందరూ అదే యోవాబు దారి అనుకున్నారు. రోనీ రైక్, ఎలీ షుక్రోన్ 1990ల నుంచి ఇక్కడ తవ్వి చూశాక తేలింది వేరు. ఆ గొయ్యి సహజంగా ఏర్పడ్డ పగులు. క్రీ.పూ. 8వ శతాబ్దం వరకూ అది మనుషుల కంటబడనే లేదు. కాబట్టి యోవాబు ఎక్కింది దానిలోంచి కాదు. ఊట చుట్టూ ఉన్న పెద్ద బురుజు, దావీదు పట్టుకునేనాటికి అక్కడున్న యెబూసీయులకు ముందటి కనాను కాలందని ఆ ఇద్దరూ అన్నారు. 2017లో బురుజు అడుగు మట్టికి చేసిన రేడియోకార్బన్ పరీక్షలో క్రీ.పూ. 9వ శతాబ్దం అని వచ్చింది. అది మొదటి కట్టుబడా, తర్వాతి మరమ్మతా అని ఇంకా వాదించుకుంటున్నారు.

హిజ్కియా సొరంగం అసలుదేనా? ముసలివాళ్ళు నడవగలరా?

యెరూషలేములో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. బండలో తొలిచిన 533 మీటర్ల సొరంగం గిహోను ఊట నీటిని సిలోయము వైపు తీసుకుపోతుంది. మొదటి నుంచి చివరికి వాలు సుమారు ఒక అడుగు మాత్రమే. దిక్సూచి లేని రోజుల్లో రెండు ముఠాలు రెండు కొసల నుంచి తొలుచుకుంటూ వచ్చి, పాములా మెలికలు తిరిగి, భూమి లోపల కలుసుకున్నాయి. కలిసిన చోట ఉలి గాట్లు ఎదురెదురుగా కనిపిస్తాయి. లైటు వేసి చూడండి, వేలితో తాకండి.

1880లో నీళ్ళలో ఆడుకుంటున్న పిల్లలకు గోడ మీద రాత కనబడింది. పాత హెబ్రీ లిపిలో 6 వరుసలు. తొలిచే ముఠాలు ఒకరి పిలుపు ఒకరికి వినబడేంత దగ్గరికి వచ్చిన క్షణం గురించి, గొడ్డలికి ఎదురుగా గొడ్డలి పడి నీళ్ళు పారిన సంగతి గురించి ఉంది. రాజుల శాసనాలు చాలా చూశాం. చెమటోడ్చినవాళ్ళ సంతోషం చెప్పే శాసనం ఇంకోటి నాకు గుర్తు లేదు. అందులో ఏ రాజు పేరూ లేదు, హిజ్కియాది కూడా.

మరి హిజ్కియాదని ఎలా? 2 రాజులు 20:20లో, 2 దినవృత్తాంతములు 32:30లో ఆయన గిహోను నీటిని మళ్ళించిన మాట ఉంది. 1996లో ఇద్దరు పండితులు సొరంగం క్రీ.పూ. 2వ శతాబ్దందని వాదించారు. 2003లో సొరంగం గచ్చులో ఇరుక్కున్న మొక్కల ముక్కలకు, పైనుంచి కారి గడ్డకట్టిన సున్నపు దారకు పరీక్షలు చేస్తే రెండూ క్రీ.పూ. 700 దగ్గరికే వచ్చాయి. ఆ వాదన అక్కడితో బలహీనపడింది. హిజ్కియాకు కొన్ని పదుల ఏళ్ళ ముందే మొదలై ఉండొచ్చని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నడక 40 నిమిషాల దాకా పడుతుంది. మొదట్లో నీళ్ళు మోకాళ్ళు దాటతాయి, కొన్ని చోట్ల తల వంచాలి. మోకాళ్ళ నొప్పులు, మూసిన చోట ఊపిరాడని టెన్షన్ ఉన్నవాళ్ళకు పక్కనే నీళ్ళు లేని పాత కనాను కాలువ దారి ఉంది.

సన్హెరీబు యెరూషలేమును ముట్టడించిన సంగతి బైబిల్ బయట ఉందా?

ఉంది, అదీ అష్షూరు రాజు సన్హెరీబు స్వయంగా రాయించినదే. క్రీ.పూ. 701 దండయాత్ర గురించి మట్టి పట్టకం మీద రాయిస్తూ, హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానని చెప్పుకున్నాడు. పట్టుకున్నానని మాత్రం అనలేదు. కప్పం తీసుకున్నానని ఉంది. బైబిల్లో కూడా కప్పం మాట ఉంది, పట్టణం పడలేదనీ ఉంది. అష్షూరు సేన ఎందుకు వెనుదిరిగిందన్న దగ్గర రెండు కథనాలూ వేరవుతాయి. యూదుల వాడలో నహ్మాన్ అవిగాద్ 1970లో బయటపెట్టిన వెడల్పు గోడ ఈ భయానికి సాక్ష్యమని చాలామంది అంటారు. 7 మీటర్ల మందం, కింద అప్పటి ఇళ్ళ పునాదులు. గోడ కోసం ఇళ్ళు పడగొట్టారని యెషయా 22:10 చెప్పే మాట అక్కడ నిలబడి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

సిలోయము కోనేరు ఎండిపోయి ఉందే. ఇదేనా గుడ్డివాడు కళ్ళు కడుక్కున్నది?

ఒకప్పుడు చూపించిన చిన్న కోనేరు బైజాంటైన్ కాలంది. 2004లో డ్రైనేజీ పైపు మరమ్మతు చేస్తుంటే దానికి దిగువన పెద్ద మెట్లు బయటపడ్డాయి. రైక్, షుక్రోన్ తవ్వితే యేసు కాలం నాటి కోనేరు అంచు సుమారు 70 మీటర్ల పొడవున కనబడింది. మెట్ల గచ్చులో దొరికిన నాణేలు దాని కాలం చెప్పాయి. యోహాను 9లోని కోనేరు ఇదే అనడానికి పెద్ద అభ్యంతరాలు లేవు. 2023 నుంచి మళ్ళీ తవ్వుతున్నారు. 2025లో అదే చోట ఒక భారీ ఆనకట్టకు క్రీ.పూ. 805 నుంచి 795 మధ్య కాలం నిర్ణయించారు. తవ్వకం సాగేకొద్దీ మీరు చూసేది నేను చూసినట్టు ఉండకపోవచ్చు.

యిర్మీయాను బావిలో వేయించినవాళ్ళ ముద్రలు దొరికాయట, నిజమేనా?

నిజమే. ఆ రోజుల్లో ఉత్తరానికి దారం కట్టి, మట్టి ముద్ద మీద ముద్ర వేసేవారు. పట్టణం తగలబడ్డప్పుడు ఉత్తరం బూడిదైంది, మట్టి ముద్ద కాలి ఇటుకలా గట్టిపడింది. దావీదు పట్టణంలో ఐలాత్ మజార్‌కు 2005లో షెలెమ్యా కుమారుడు యూకలు ముద్ర, 2008లో పషూరు కుమారుడు గెదల్యా ముద్ర దొరికాయి. యిర్మీయా 38:1లో ఈ రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. అంతకుముందు యిగాల్ షిలో తవ్వకాల్లో ఒకే ఇంట్లో 51 ముద్రలు దొరికాయి, అందులో షాఫాను కుమారుడు గెమర్యా పేరు ఒకటి. యిర్మీయా 36లో బారూకు గ్రంథం చదివింది ఆయన గదిలోనే. తండ్రి పేరు కూడా కలవడం వల్ల వీటిని ఎక్కువమంది ఒప్పుకున్నారు.

2018లో ప్రకటించిన "యెషయా ముద్ర" సంగతి వేరు. పేరు ఉంది, తర్వాతి మాట ప్రవక్త అనే మాటకు మొదటి అక్షరాల్లా ఉంది, కానీ ముక్క విరిగి చివరి అక్షరం లేదు. ఆ ఒక్క అక్షరం లేక మొత్తం తీర్మానం ఆగిపోయింది. హిజ్కియా రాజు ముద్ర దానికి కొన్ని అడుగుల దూరంలోనే దొరికిందన్న మాట నిజం. దాన్ని 2015లో ప్రకటించారు, రాత స్పష్టంగా ఉంది.

యెరూషలేములో దొరికిన అతి పాత బైబిల్ వాక్యం ఏది?

హిన్నోము లోయ పక్కన కెతెఫ్ హిన్నోము అనే చోట 1979లో గాబ్రియేల్ బర్కాయి ఒక సమాధి గదిలో చుట్టిన రెండు చిన్న వెండి రేకులు కనుక్కున్నారు. తాయెత్తుల్లా మెడలో వేసుకునేవి. విప్పడానికే మూడేళ్ళు పట్టింది. పెద్దది విప్పితే 10 సెంటీమీటర్లు కూడా లేదు. వెంట్రుకంత గీతలతో రాసిన మాటలు చదివితే సంఖ్యాకాండము 6లోని యాజక దీవెన. ప్రతి ఆదివారం ఆరాధన చివర మనం తల వంచి వినే "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అన్న మాటలే. క్రీ.పూ. 7వ శతాబ్దం చివర, 6వ శతాబ్దం మొదట్లోనివని అంచనా. మృతసముద్రం దగ్గర గుహల్లో దొరికిన పాత గ్రంథపు చుట్టల కంటే శతాబ్దాలు పాతవి. కాలం మీద కొందరు అనుమానపడితే 2004లో కొత్త ఫొటోలతో మళ్ళీ పరిశీలించి పాత నిర్ణయాన్నే బలపరిచారు.

## దేవాలయపు కొండ దగ్గర

సొలొమోను మందిరం రాయి ఒక్కటైనా దొరికిందా?

ఇదీ సొలొమోను మందిరానిదే అని చెప్పగల రాయి లేదు. అయితే అక్కడ తవ్వకమే జరగలేదు కాబట్టి, దొరకలేదు అంటే లేదు అని అర్థం కాదు. ఆ కొండ మీద ముస్లిముల పవిత్ర స్థలాలున్నాయి, నిర్వహణ ఇస్లామిక్ వక్ఫ్ చేతిలో ఉంది, తవ్వకాలకు అనుమతి లేదు. 1999లో అక్కడ నిర్మాణ పనిలో తవ్విపోసిన మట్టిని 2004 నుంచి జల్లెడ పడుతున్నారు. ఎన్నో చిన్న వస్తువులు వచ్చాయి, కానీ ఏ పొరలోంచి వచ్చాయో తెలియదు కాబట్టి వాటి విలువ సగమే.

పోలికలు మాత్రం దొరికాయి. 1 రాజులు 6లో వర్ణించిన నమూనా, అంటే వాకిట రెండు స్తంభాలు, మంటపం, పొడవాటి గది, లోపల అతి పరిశుద్ధ స్థలం, సిరియాలోని ఐన్ దారా గుడిలో దాదాపు అచ్చంగా ఉంది. యెరూషలేము పక్కనే మోత్సాలో యూదా రాజుల కాలం నాటి ఆలయం ఒకటి బయటపడింది. అలాంటి గుడి ఆ కాలంలో ఆ ప్రాంతంలో కట్టగలిగేదే అని వీటివల్ల తెలుస్తుంది.

ఏడ్పుల గోడ సొలొమోను కట్టించిందా?

కాదు. హేరోదు మందిర ప్రాంగణాన్ని పెద్దది చేసినప్పుడు కొండ చుట్టూ కట్టిన ఆనుగోడలో అది భాగం. పడమటి గోడ మొత్తం పొడవు 488 మీటర్లు, ప్రార్థన చేసే చోట కనిపించేది అందులో చిన్న ముక్క. సొరంగంలోకి వెళ్తే ఒకే రాయి 13 మీటర్లకు పైగా పొడవుంటుంది.

2011లో ఈ గోడ పునాది కింద పూడ్చేసిన ఒక స్నానపు తొట్టిలో నాణేలు దొరికాయి. వాటిలో కొన్ని క్రీ.శ. 17, 18 నాటివి. హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో. అంటే ఆ గోడ భాగం ఆయన పోయి 20 ఏళ్ళు దాటాక కూడా పూర్తి కాలేదు. "ఈ దేవాలయము కట్టడానికి నలభై ఆరేళ్ళు పట్టింది" అని యోహాను 2లో యూదులు యేసుతో అనేది ఈ నాణేల పక్కన పెట్టి చదువుకోండి.

## పాత పట్టణంలో

బేతెస్ద కోనేటికి అయిదు మంటపాలని ఉంది. కోనేటికి నాలుగు వైపులే కదా?

ఈ ప్రశ్న పట్టుకునే 19వ శతాబ్దంలో కొందరు యోహాను కల్పించి రాశాడన్నారు. సెయింట్ ఆన్ చర్చి పక్కన తవ్వితే రెండు కోనేళ్ళు, మధ్యలో అడ్డుగోడ బయటపడ్డాయి. చుట్టూ నాలుగు, మధ్య గోడ మీద ఒకటి అనుకుంటే అయిదు. ఆ మంటపాల స్తంభాలు ఉన్న చోటనే దొరకలేదు కాబట్టి ఆ లెక్క ఊహే, మంచి ఊహ. యోహాను రాసినవాడికి క్రీ.శ. 70కి ముందటి పట్టణం తెలుసు అన్నది మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

వియా డొలొరోసాలో యేసు సిలువ మోసిన దారే ఉందా?

ఆ దారి మధ్యయుగాల భక్తిలో రూపు దిద్దుకుంది. పిలాతు యేసును చూపించిన కమాను అని చెప్పేది హద్రియాను కాలంది, అంటే యేసు తర్వాత 100 ఏళ్ళకు. రోమన్ గవర్నర్లు యెరూషలేము వచ్చినప్పుడు పట్టణం పడమట ఉన్న హేరోదు రాజభవనంలో దిగేవారని ఎక్కువమంది అంచనా, అది ఇప్పటి యాఫా గుమ్మం పక్కన. అదే నిజమైతే సిలువ దారి అటునుంచి మొదలవ్వాలి. అయినా ఎన్నో వందల ఏళ్ళుగా భక్తులు పాడుతూ నడిచిన దారి ఇది. నడవండి.

కయప, పిలాతు నిజంగా ఉన్నారనడానికి ఏముంది?

పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో సముద్రతీరపు కైసరయలో దొరికింది, యెరూషలేములో కాదు. 1990లో యెరూషలేము దక్షిణాన రోడ్డు పనిలో బయటపడ్డ సమాధిలో అందమైన పువ్వులు చెక్కిన ఎముకల పెట్టె దొరికింది. దాని మీద "యెహోసెఫ్ బర్ కయఫా" అని ఉంది, లోపల సుమారు 60 ఏళ్ళ మగవాడి ఎముకలున్నాయి. ప్రధాన యాజకుడే అని చాలామంది అంటారు, పేరు చదవడంలో కొందరికి అనుమానం ఉంది.

నన్ను ఎక్కువ కదిలించింది 1968లో దొరికిన ఒక సామాన్యుడి పెట్టె. మడమ ఎముకలో 11 సెంటీమీటర్ల మేకు అలాగే ఉండిపోయింది. సిలువ శిక్ష పడ్డవాళ్ళను సమాధి చేయనిచ్చేవారు కాదని వాదించినవారికి ఆ మడమే జవాబు.

యేసు సమాధి అని రెండు చోట్ల చూపిస్తున్నారు. ఏది అసలుది?

ఈ ప్రశ్న అడగని బృందం లేదు. మనలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, గార్డెన్ టూంబ్‌లో మనసుకు హాయిగా ఉంటుంది. చెట్లు, నిశ్శబ్దం, బల్ల ఆరాధన. పవిత్ర సమాధి చర్చిలో చీకటి, కొవ్వొత్తుల పొగ, తోపులాట. అందుకే మొదటిదే అసలుదని నమ్మాలనిపిస్తుంది. ఆధారాలు మాత్రం రెండోదాని వైపే ఉన్నాయి.

గార్డెన్ టూంబ్‌ను 1867లో కనుక్కున్నారు. 1883లో జనరల్ గోర్డన్ అనే బ్రిటిష్ సైనికాధికారి పక్కనున్న గుట్టలో పుర్రె ఆకారం చూసి గొల్గొతా అదేనన్నాడు. గాబ్రియేల్ బర్కాయి ఆ సమాధిని పరిశీలించి, అది క్రీ.పూ. 8, 7 శతాబ్దాల నాటి తీరులో ఉందని తేల్చారు. యోహాను 19:41 అంతకుముందు ఎవరినీ పెట్టని కొత్త సమాధి అంటుంది. ఏడెనిమిది వందల ఏళ్ళ పాత సమాధి ఆ మాటకు సరిపోదు.

పవిత్ర సమాధి చర్చి మీద పెద్ద అభ్యంతరం ఒకటే: అది కోటగోడ లోపల ఉంది, యేసును సిలువ వేసింది గవిని వెలుపల. ఇప్పటి గోడను బట్టి చూస్తే నిజమే. కానీ యేసు కాలంలో ఆ చోటు గోడ బయట ఉండేది, అగ్రిప్ప రాజు క్రీ.శ. 41 నుంచి 44 మధ్య గోడను జరిపాక లోపలికి వచ్చింది. చర్చి కింద పాత రాతి గని ఉంది, అక్కడే మొదటి శతాబ్దపు తీరులో గూళ్ళు తొలిచిన యూదుల సమాధులు ఉన్నాయి. యూదులు పట్టణం లోపల సమాధులు తొలవరు. పైగా హద్రియాను అక్కడ కట్టించిన గుడిని పడగొట్టి, కాన్‌స్టంటైన్ చక్రవర్తి మనుషులు ఆ ఇబ్బందికరమైన చోటే తవ్వారు, ఖాళీ స్థలం ఎంచుకోలేదు. స్థానిక క్రైస్తవుల జ్ఞాపకం బలంగా ఉండబట్టే అలా చేశారని నా అభిప్రాయం. చర్చి 335లో ప్రతిష్ఠ అయింది.

ఇదే ఆ గూడు అని ఎవరూ రాసివ్వలేరు. ఆ పరిసరాలే అనడానికి మాత్రం గట్టి కారణాలున్నాయి. గార్డెన్ టూంబ్‌లో కూర్చుని ప్రార్థన చేసుకోండి, తన సమాధిని యేసుకు ఇచ్చిన యోసేపు తోట ఎలా ఉండేదో ఊహించుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

2016లో సమాధి తెరిచారు కదా, లోపల ఏం కనబడింది?

ఏథెన్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి అంతోనియా మొరోపూలు బృందం మరమ్మతు చేస్తూ అక్టోబరులో పాలరాతి పలకను జరిపింది. కింద ఇంకో విరిగిన పలక, దాని కింద సున్నపు రాతి పడక ఉన్నాయి. పలక కింది గచ్చును పరీక్షిస్తే క్రీ.శ. 345 దగ్గరి కాలం వచ్చింది. 1009లో ఖలీఫా హాకిం చర్చిని పడగొట్టించాక అసలు చోటు పోయిందేమో అన్న సందేహానికి ఇది మంచి జవాబు. కాన్‌స్టంటైన్ కాలంలో గౌరవించిన రాయే ఇప్పటికీ గౌరవం పొందుతోంది. అంతకుముందు 300 ఏళ్ళ గురించి ఆ గచ్చు ఏమీ చెప్పదు. 2022 నుంచి రోమ్ సపియెంజా విశ్వవిద్యాలయం చర్చి నేల కింద తవ్వుతోంది, అక్కడి మట్టిలో ఒలీవ, ద్రాక్ష ఆనవాళ్ళు కనబడ్డాయని 2025లో ప్రకటించారు.

మేడగది, దావీదు సమాధి, గెత్సేమనే చెట్లు అసలువేనా?

యేసు శిష్యులతో చివరి భోజనం చేసిన మేడగది అని చూపించే హాలు క్రూసేడర్ల కాలపు తీరులో ఉంది, చోటు మీది గౌరవం అంతకంటే పాతది. దాని కిందున్న దావీదు సమాధి మధ్యయుగాల నమ్మకం. 1 రాజులు 2:10 దావీదును దావీదు పట్టణంలో పాతిపెట్టారంటుంది, అది వేరే కొండ. గెత్సేమనేలోని 8 ముసలి ఒలీవ చెట్లలో 3 చెట్ల కాండానికి పరీక్ష చేస్తే 12వ శతాబ్దం వచ్చింది. ఒలీవ చెట్టు పాత వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి కాండం వయసే వేరు వయసు కానక్కర్లేదు.

## తిరిగి వచ్చాక

నిబంధన మందసం దొరికిందని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. నిజమేనా?

లేదు. గొల్గొతా కింద గుహలో చూశానని 1980ల్లో ఒక అమెరికన్ చెప్పిన కథే తిరిగి తిరిగి వస్తోంది. ఫొటో లేదు, నమూనా లేదు, ఇంకెవరూ చూడలేదు. ఎవరికీ పంపకండి.

యాకోబు ఎముకల పెట్టె, దానిమ్మ బొమ్మ నకిలీవా?

"యేసు సహోదరుడైన యాకోబు" అని రాసి ఉన్న పెట్టె 2002లో బయటికొచ్చింది. ఎక్కడ తవ్వితే దొరికిందో తెలియదు, సంత నుంచి వచ్చింది. పెట్టె పాతదే, రాతలో కొంత భాగం తర్వాత చేర్చారా అన్నది గొడవ. ఏళ్ళ తరబడి సాగిన కేసులో 2012లో నకిలీ చేశారన్న ఆరోపణ రుజువు కాలేదని కోర్టు చెప్పింది. అసలుదని మాత్రం చెప్పలేదు. సొలొమోను మందిరానిదని ఇజ్రాయెల్ మ్యూజియం 1988లో 5,50,000 డాలర్లకు కొన్న దంతపు దానిమ్మ విషయంలో, దాని మీది రాత తర్వాతి కాలపు కల్పన అని 2004లో నిపుణుల సంఘం తేల్చింది. ఫ్రెంచ్ పండితుడొకరు ఒప్పుకోలేదు. తవ్వకంలో పుట్టని వస్తువుకు ఎప్పుడూ ఈ తిప్పలే.

పాత పట్టణంలో యేసు కాలం నాణెం అమ్ముతున్నారు, కొనొచ్చా?

లైసెన్సు ఉన్న దుకాణాలు ఉన్నాయి, దేశం దాటించాలంటే పురాతన వస్తువుల శాఖ అనుమతి పత్రం ఉండాలి. వీధిలో చేతిలో పెట్టి చూపించేది దాదాపు ఎప్పుడూ నకిలీ. నిజందైతే అది ఇంకా బాధ, ఎవరో దొంగతనంగా తవ్వి, చదవాల్సిన పొరను పాడుచేసి తెచ్చినది. నేను కొనను, కొనమని చెప్పను.

ఈ తవ్వకాల్లో రాజకీయం ఉందంటారు, అదేమిటి?

దావీదు పట్టణం ఉన్నది సిల్వాన్ అనే పాలస్తీనీయుల వాడలో, 1967 నుంచి ఇజ్రాయెల్ అధీనంలో ఉన్న తూర్పు యెరూషలేములో. ఆ పార్కును నడిపేది యూదులను ఆ వాడలో స్థిరపరచడం కూడా లక్ష్యంగా పెట్టుకున్న సంస్థ. ఇళ్ళ కింద సొరంగాలు తవ్వడం వల్ల గోడలు పగులుతున్నాయని అక్కడివాళ్ళు అంటున్నారు. ఇజ్రాయెలీ శాస్త్రవేత్తల్లోనే కొందరు ఈ పద్ధతిని తప్పు పడతారు. పాత పట్టణం, దాని గోడలు 1981లో యునెస్కో జాబితాలో, 1982లో ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో చేరాయి. సొరంగంలోంచి బయటికి వచ్చినప్పుడు ఆ ఇళ్ళ వైపు కూడా చూడండి, అక్కడా కుటుంబాలున్నాయి.

ఇందులో ఏ వస్తువులను ఎక్కడ చూడొచ్చు?

వెండి రేకులు, తేల్ దాన్ రాయి, కయప పెట్టె, పిలాతు రాయి యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్నాయి. చాలా ప్యాకేజీల్లో ఈ మ్యూజియం ఉండదు. మీ ఆపరేటర్‌ను ముందే అడిగి సగం రోజు రాయించుకోండి. సన్హెరీబు పట్టకాల్లో ఒకటి, అదే దండయాత్రలో ఆయన చేసిన లాకీషు పట్టణం ముట్టడి శిల్పాలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. సొరంగంలోని 6 వరుసల రాతను 1890లో ఎవరో పెకలించబోయి ముక్కలు చేశారు. అప్పుడు యెరూషలేము తుర్కీ పాలనలో ఉంది కాబట్టి ఆ ముక్కలు ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియానికి వెళ్ళి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. సొరంగంలో మీరు చూసేది దాని నకలు.